చిన్న రాష్ట్రం, నేల పంచాయితీ

పాత అనంతపురం జిల్లాలో గోవాలాంటి రాష్ట్రాలు ఐదు పడతాయి. ఆ జిల్లా విస్తీర్ణం 19 వేల చదరపు కిలోమీటర్ల పైమాట. గోవా మొత్తం కలిపినా 3,702. ఉత్తరాన తెరేఖోల్ నది ఒడ్డున టిఫిన్ చేసి బయల్దేరినవాడు కాణకోణ దాటి కర్ణాటకలో మధ్యాహ్న భోజనానికి కూర్చోవచ్చు. 2011 లెక్కల ప్రకారం జనం 14.58 లక్షలు. ఈ కాస్త చోటుకే 40 మంది ఎమ్మెల్యేలు, 12 తాలూకాలు, 191 గ్రామ పంచాయతీలు, 13 పురపాలక సంఘాలు, పణజికి ఒక నగరపాలక సంస్థ, ఒక గవర్నరు, బొంబాయి హైకోర్టుకు ఒక ధర్మాసనం ఉన్నాయి.

రాష్ట్రం చిన్నదైతే పాలన సులువవుతుందన్న వాదన తెలుగువారికి కొత్త కాదు. తెలంగాణ ఉద్యమం సాగినన్నాళ్లూ అటువాళ్లూ ఇటువాళ్లూ ఈ మాట మీద పేజీలకు పేజీలు రాశారు. ఆ వాదనను నిగ్గు తేల్చుకోవడానికి గోవా మంచి గీటురాయి. అక్షరాస్యత 88 శాతం దాటింది. తలసరి ఆదాయంలో సిక్కింతో పాటు దేశంలో మొదటి వరసలో ఉంది. జనాభాలో 62 శాతం పట్టణాల్లోనే ఉంటున్నారు. ఊరి నుంచి సచివాలయానికి గంటన్నర, రెండు గంటల ప్రయాణం. ఇన్ని అనుకూలతలున్న చోట, ఏ పొలాన్ని ఏమి చేయాలో ఎవరు నిర్ణయించాలన్న ఒక్క ప్రశ్న యాభై ఏళ్లుగా తెగడం లేదు. గనులు, హోటళ్లు, విమానాశ్రయం, పార్టీ ఫిరాయింపులు, ఏ కథ ఎత్తుకున్నా చివరికి సర్వే నంబరు దగ్గరికే చేరుతుంది.

నేల స్వరూపమే అలాంటిది. తూర్పున పడమటి కనుమలు, పడమట సముద్రం, నడుమ ఎర్రమట్టి దిబ్బలు, నదీ లోయలు. అడవి విస్తీర్ణం దాదాపు 60 శాతం. అందులో మహావీర్, నేత్రావళి, కోటిగావ్, మాదేయ్ వంటి అభయారణ్యాలు కనుమల వెంబడి గొలుసుగా ఉన్నాయి. మిగిలిన నేలలో దిబ్బలు, ఇసుక, ఉప్పునీటి పల్లాలు పోగా సాగుకూ ఇళ్లకూ దొరికేది కొద్దిపాటే. మాండవి, జువారి నదుల్లోకి ఆటుపోట్లు కిలోమీటర్ల కొద్దీ లోపలికి వస్తాయి. సముద్రం కనిపించని ఊళ్లో కూడా పొలం గట్టు తెగితే ఉప్పునీరు పైరులోకి దూరుతుంది.

ఆ ఉప్పునీటిని ఆపి పంట పండించడమే గోవా రైతు చేసిన గొప్ప పని. ఖాజన్ అని పిలిచే ఈ పొలాలు 17 వేల హెక్టార్లకు పైగా ఉన్నాయని అంచనా. నది అంచున మట్టితో, గడ్డితో, రాళ్లతో కట్ట వేస్తారు. కట్ట బయట మడచెట్లు అల మీద పడే దెబ్బను కాచుకుంటాయి. కట్టలో ఒకచోట చెక్క తలుపుల తూము పెడతారు. పోటు వచ్చినప్పుడు నీటి ఒత్తిడికి తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. ఆటు సమయంలో లోపలి నీరు తోసుకుని బయటికి పోతుంది. వానాకాలంలో ఉప్పును తట్టుకునే కోర్గుట్ వరి పండిస్తారు, ఆ తర్వాత తూము దగ్గర చేపలు, రొయ్యలు పడతారు. కరెంటు మోటారు లేదు, ఇంజనీరు లేడు. ఒక్క గట్టు మీద ఊరంతటి బతుకూ ఆధారపడి ఉంది కాబట్టి దాన్ని ఊరంతా కలిసి చూసుకోవాల్సి వచ్చింది.

ఆ కలిసి చూసుకోవడానికి పుట్టిన వ్యవస్థ గాంవ్‌కారీ. ఊరిని మొదట కట్టుకున్న కుటుంబాలు భూమిని ఉమ్మడిగా ఉంచుకుని, వేలం పాటలో కౌలుకు ఇచ్చి, వచ్చిన డబ్బుతో గట్లు, గుడి ఖర్చు, పన్ను చూసుకునేవి. మిగిలింది వాటాదార్లకు జోణ్ పేరుతో పంచేవి. 1510లో అఫోన్సో ద ఆల్బుకెర్క్ గోవాను పట్టుకున్నాక పోర్చుగీసువారు ఈ వ్యవస్థను పీకేయలేదు, లెక్కల్లోకి ఎక్కించుకున్నారు. 1526లోనే ఆచారాలన్నింటినీ రాతపూర్వకంగా క్రోడీకరించి, దీనికి కోమునిదాద్ అని పేరు పెట్టారు. పన్ను వసూలుకు ఇంతకంటే తేలిక దారి వారికి మరొకటి కనిపించి ఉండదు. ఇప్పటికీ 223 కోమునిదాద్‌లు కాగితం మీద సజీవంగా ఉన్నాయి. సభ్యులు మాత్రం ముంబయి, లిస్బన్, లండన్‌లకు చెదిరిపోయారు.

ఈ ఏర్పాటులో అందరికీ చోటు లేదన్నది మరచిపోకూడదు. వాటాలు తరతరాలుగా మగ వారసులవి. పొలంలో దిగి పనిచేసే కౌలుదారు, ఇంటి స్థలం కూడా తనది కాని ముండ్‌కార్ వాటాదారు కాలేరు. 1961లో పోర్చుగీసు పాలన పోయాక వచ్చిన కౌలుదారీ చట్టం, 1975 ముండ్‌కార్ చట్టం ఆ అన్యాయాన్ని సరిదిద్దే ప్రయత్నం చేశాయి. న్యాయమైన పనే. కానీ గట్టు బాధ్యత ఎవరిదన్న ప్రశ్న చట్టాల నడుమ జారిపోయింది. దాన్ని కౌలుదార్ల సంఘాలకు అప్పగించారు. వరి కంటే తూము దగ్గరి చేపల వేలం లాభసాటిగా మారాక, గట్టు తెగితే బాగుచేయాలన్న తొందర కొందరికి పోయింది. ఉప్పునీరు ఎక్కిన పొలం బీడవుతుంది, బీడు మీద బిల్డరు కన్ను పడుతుంది. వరి పొలం ఫ్లాట్ల ప్లాటు కావడానికి గోవాలో ఇదొక రాజమార్గం.

పోర్చుగీసువారి మరో వారసత్వం 1867 నాటి పౌర స్మృతి. మతంతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే కుటుంబ చట్టం అన్నప్పుడల్లా జాతీయ స్థాయి చర్చల్లో గోవా పేరు వినిపిస్తుంది. దాని భూసంబంధమైన పర్యవసానాన్ని మాత్రం ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. పెళ్లితో ఆస్తి దంపతుల ఉమ్మడి అవుతుంది. ఆస్తిలో సగం పిల్లలకు తప్పనిసరిగా దక్కాలి, కూతురైనా కొడుకైనా సమానమే. ఆడపిల్లలకు ఇంతటి రక్షణ మెచ్చుకోదగ్గది. కానీ మూడు తరాలు గడిచేసరికి ఒక ఇంటికి ఇరవై, ముప్పై మంది హక్కుదారులు తేలతారు. అమ్మాలంటే భార్యాభర్తలతో సహా అందరి సంతకాలూ కావాలి. కుదరక ఇల్లు తాళం వేసి పడి ఉంటుంది. తాళం వేసిన ఇంటికి దొంగ పత్రాలు పుట్టించడం సులువు. పరిస్థితి ఎంతదాకా వచ్చిందంటే, భూకబ్జాల మీద 2022లో ప్రభుత్వమే ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని, విశ్రాంత న్యాయమూర్తి వి.కె.జాదవ్‌తో ఏకసభ్య సంఘాన్ని వేయాల్సి వచ్చింది.

గోవా అసలు రాష్ట్రమే కాకుండా పోయేది. 1961 డిసెంబరు 19న భారత సైన్యం విముక్తం చేశాక, మహారాష్ట్రలో కలిపేయాలన్న పట్టుదలతో మహారాష్ట్రవాది గోమాంతక్ పార్టీ అధికారంలోకి వచ్చింది. తొలి ముఖ్యమంత్రి దయానంద్ బాందోడ్కర్ స్వయంగా గనుల యజమాని. 1967 జనవరి 16న జనాన్నే అడిగారు. స్వతంత్ర భారతంలో ఒక ప్రాంతాన్ని పక్క రాష్ట్రంలో కలపాలా వద్దా అని ఓటు పెట్టిన అరుదైన సందర్భం అది. విలీనం వద్దన్న పక్షం 34,021 ఓట్ల తేడాతో నెగ్గింది. మరో ఇరవై ఏళ్లు కేంద్రపాలిత ప్రాంతంగా ఉండి, 1987 మే 30న దేశంలో 25వ రాష్ట్రమైంది. అదే ఏడాది దేవనాగరి లిపిలోని కొంకణి అధికార భాష అయింది.

రాష్ట్ర హోదాతో అసెంబ్లీ 40 స్థానాలకు పెరిగింది. ఇక్కడి నుంచి అంకెల ఆట మొదలవుతుంది.

2022 ఎన్నికల్లో గోవా ఓటర్లు సుమారు 11.6 లక్షలు. అంటే నియోజకవర్గానికి సగటున 29 వేలు. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ నియోజకవర్గం సగటు రెండు లక్షల ముప్పై వేల పైనే, తెలంగాణలో ఇంకా ఎక్కువ. మన సగటు మండలంలో ఉన్న ఓటర్లలో సగానికి అటూ ఇటుగా ఉంటారు ఒక గోవా ఎమ్మెల్యే వెనక. అంత చిన్న బరిలో కొన్ని వందల ఓట్లే తలరాతను మారుస్తాయి. ఆ ఎన్నికల్లో ముఖ్యమంత్రి ప్రమోద్ సావంత్ సాంఖళిలో గట్టెక్కింది 666 ఓట్లతో. ఎమ్మెల్యేకు ప్రతి వీధిలోని జనం ఇంటిపేర్లతో సహా తెలుసు. ఇది మంచిదే. ఫలానా వాడి గోడ, ఫలానా వాడి అదనపు అంతస్తు, ఫలానా వాడి పొలం మార్పిడి కూడా ఆయన ఇంటి ముంగిట్లోనే తేలడం మాత్రం మంచిదని చెప్పలేం.

రాజ్యాంగం 91వ సవరణ మంత్రివర్గాన్ని సభలో 15 శాతానికి పరిమితం చేసింది. 40లో 15 శాతం ఆరు. కానీ చిన్న రాష్ట్రాల కోసం 12కు తగ్గకూడదని మినహాయింపు పెట్టారు. ఫలితంగా గోవాలో ప్రతి పదిమంది శాసనసభ్యుల్లో ముగ్గురు మంత్రులు కావచ్చు. మెజారిటీకి కావలసింది 21 మంది, అందులో 12 మందికి మంత్రి పదవులు. మిగిలిన తొమ్మిది మందికి కార్పొరేషన్ల అధ్యక్ష పీఠాలు చూపించవచ్చు. బయట ఉండటంలో ఎమ్మెల్యేకు లాభం ఏముంది?

ఫిరాయింపుల చట్టం కూడా ఇక్కడ సన్నని తాడే. మూడింట రెండు వంతుల మంది కలిసి మరో పార్టీలో విలీనమైతే అనర్హత లేదు. 2019 జులైలో కాంగ్రెస్ సభ్యులు 15 మంది. వారిలో బీజేపీలోకి వెళ్లింది సరిగ్గా పది మంది. 2022 సెప్టెంబరులో 11 మంది. వెళ్లింది ఎనిమిది మంది. రెండుసార్లూ చట్టం కోరిన కనీస సంఖ్యకు ఒక్కరూ ఎక్కువ లేరు, తక్కువ లేరు. 2022 ఎన్నికల ముందు తన అభ్యర్థుల చేత పార్టీ మారబోమని గుడిలో, చర్చిలో, దర్గాలో ప్రమాణాలు చేయించింది కాంగ్రెస్. మూడు మతాల దేవుళ్లనూ సాక్ష్యానికి పిలిచినా ఎనిమిది నెలలు నిలవలేదు. పెద్ద రాష్ట్రంలో ఇలాంటి విలీనానికి డజన్ల మందిని పోగేయాలి. గోవాలో ఒక మినీ బస్సు చాలు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే ఈ రాజకీయం ఇంకా బాగా అర్థమవుతుంది. పోర్చుగీసు హయాంలో గనుల హక్కులను కాలపరిమితి లేని రాయితీలుగా ఇచ్చారు. 1987లో పార్లమెంటు చట్టం చేసి వాటిని మామూలు లీజులుగా మార్చింది. బిచోలిమ్, సత్తరి, సంగెమ్ తాలూకాల కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం లారీల్లో నది రేవుకు, అక్కడ్నుంచి బార్జీల్లో మాండవి, జువారిల మీదుగా మోర్ముగావ్ ఓడరేవుకు చేరేది. గోవా ఖనిజంలో ఇనుము శాతం తక్కువ. జపాన్ కొంటున్నంత కాలం వ్యాపారం ఒక మోస్తరుగా సాగింది. చైనా ఉక్కు మిల్లులు నాసిరకం ఖనిజాన్ని కూడా ఎగబడి కొనడం మొదలెట్టాక తవ్వకాలకు అడ్డూ ఆపూ లేకుండా పోయింది. 2010-11 నాటికి ఎగుమతులు ఏటా ఐదు కోట్ల టన్నులకు చేరాయి. అటు బళ్లారి, ఓబుళాపురంలో ఏ కొనుగోలుదారు కోసం సరిహద్దు రాళ్లు మాయమయ్యాయో, ఇటు గోవా కొండలు కరిగిపోయిందీ ఆ కొనుగోలుదారు కోసమే.

జస్టిస్ ఎం.బి.షా సంఘం నివేదికతో 2012లో తవ్వకాలు ఆగాయి. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో అసలు విషయం బయటపడింది: లీజులన్నీ 2007 నవంబరు 22తోనే ముగిసిపోయాయి. అంటే ఐదేళ్లపాటు హక్కు లేని తవ్వకమే సాగింది. కోర్టు ఏడాదికి రెండు కోట్ల టన్నుల పరిమితి పెట్టింది, అమ్మకం సొమ్ములో పది శాతాన్ని రాబోయే తరాల కోసం శాశ్వత నిధిలో జమచేయమంది. రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? గనులను వేలం వేయాలన్న కేంద్ర ఆర్డినెన్స్ 2015 జనవరి 12న రాగా, అంతకు ముందు వారం రోజుల్లోనే హడావుడిగా పాతవారికే లీజులు పునరుద్ధరిస్తూ సంతకాలు పెట్టేసింది. 88 లీజుల్లో సగానికి పైగా ఆ వారంలో తెమిలినవే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటన్నింటినీ కొట్టేసింది. ఆ మార్చి నుంచి గనులు మళ్లీ మూతపడ్డాయి. వేలం పద్ధతి 2022 చివరికి గానీ మొదలు కాలేదు.

నష్టపోయింది లీజుదారులకంటే లారీ యజమానులు, బార్జీ సిబ్బంది. అప్పు చేసి లారీ కొన్న కుటుంబాలకు పొలం వైపు తిరిగి చూసే దారి కూడా లేదు, ఎందుకంటే గని ఎర్రబురద కొట్టుకొచ్చి పొలాల్లో పేరుకుంది. పిసుర్లెం, శిరిగావ్ వంటి ఊళ్లలో గనుల వల్ల బావులు ఎండిన కథ, గని ఆగాక కూలి ఎండిన కథ ఒకే ఇంట్లో వినిపిస్తాయి.

గనుల మీద కోల్పోయినదాన్ని పర్యాటకం మీద రాబట్టుకోవాలన్నది ఆ తర్వాతి ప్రభుత్వాల లెక్క. 2019లో దాదాపు 80 లక్షల మంది వచ్చారు. 2024లో ఆ సంఖ్య కోటి దాటింది. స్థానిక జనాభాకు ఇది ఏడు రెట్లు. అయితే విదేశీయులు అప్పటి తొమ్మిది లక్షల పైచిలుకు నుంచి ఐదు లక్షల లోపుకు పడిపోయారు. ఇప్పుడు వచ్చేది ఎక్కువగా వారాంతపు జనం. ముంబయి, పుణె, బెంగళూరు, హైదరాబాద్ నుంచి కారులోనో విమానంలోనో దిగి రెండు రాత్రులుండి వెళ్తారు. విజయవాడ, గుంటూరు, నంద్యాల మీదుగా వాస్కో చేరే అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో మన కుర్రకారు గుంపులు ఏ సీజన్లోనైనా కనిపిస్తాయి. మాండవి మీద తేలే కాసినో ఓడల్లో తెలుగు వినిపించడం పణజి వాసులకు మామూలైపోయింది. ఉత్తరాన మోపాలో 2023 జనవరి నుంచి నడుస్తున్న మనోహర్ అంతర్జాతీయ విమానాశ్రయాన్ని కట్టి నిర్వహిస్తున్నదీ తెలుగువారి సంస్థ జీఎంఆరే.

వచ్చే జనం తీరు మారడంతో నేల మీద ఒత్తిడి తీరూ మారింది. చార్టర్ విమానంలో వచ్చిన విదేశీయుడు అద్దెగదిలో రెండు వారాలుండేవాడు. ఢిల్లీ, ముంబయి సంపన్నుడికి అద్దెగది చాలదు, తనకంటూ ఒక విల్లా కావాలి. విమానాశ్రయం రాకతో పెర్నెం తాలూకాలో, అంతకుముందే బార్డెజ్ లోపలి ఊళ్లలో ఈ కొనుగోళ్లు ఊపందుకున్నాయి. ఏడాదిలో కొన్ని వారాలు దీపం వెలిగే ఆ ఇళ్లకు నీళ్లు, కరెంటు, చెత్త బండి ఏడాది పొడవునా ఊరే సమకూర్చాలి. మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే రాష్ట్రంలో వేసవి వచ్చేసరికి ట్యాంకర్లు తిరగడానికి ఇదొక కారణం.

తిండి సంగతి మరీ విచిత్రం. కూరగాయలు బెళగావి నుంచి రావాలి. పాలూ పొరుగు రాష్ట్రాల నుంచే. చివరికి చేపలు కూడా! 2018 జులైలో మడ్‌గావ్ టోకు మార్కెట్లో ఫార్మాలిన్ అనుమానంతో బయటి చేపలను కొన్నాళ్లు నిషేధించినప్పుడు, సముద్రపు ఒడ్డు రాష్ట్రం ఆంధ్ర, ఒడిశాల లారీల మీద ఎంతగా ఆధారపడిందో గోవా వంటిళ్లకే తెలిసొచ్చింది. నేలను మింగని దారులు లేకపోలేదు. వెర్నాలో మందుల కర్మాగారాలు, వాస్కోలో గోవా షిప్‌యార్డ్ వంటివి తక్కువ నేలలో ఎక్కువ విలువ పుట్టిస్తున్నాయి. ఇంత చిన్న రాష్ట్రానికి సరిపోయే పరిశ్రమ నమూనా అదే. కానీ ఎన్నికల ప్రసంగాల్లో వాటికి దక్కే చోటు తక్కువ.

నేల ఎలా వాడాలో తేల్చడానికి గోవాలో ఒక పద్ధతి ఉంది: మొత్తం రాష్ట్రానికి ఒకే ప్రాంతీయ ప్రణాళిక. చిన్న రాష్ట్రానికి మాత్రమే సాధ్యమయ్యే సౌకర్యమిది. 2011 కోసమని గీసిన ప్రణాళికలో తోటలు, కొండలు రాత్రికి రాత్రి నివాస స్థలాలుగా మారాయని గోవా బచావో అభియాన్ వీధికెక్కితే, 2007లో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ఏడాది చివర్లోనే ప్రత్యేక ఆర్థిక మండళ్లనూ రద్దు చేసుకుంది. తర్వాత ప్రఖ్యాత వాస్తుశిల్పి చార్ల్స్ కొరియా వంటివారితో కార్యదళం వేసి, ఊరూరా గ్రామసభల అభిప్రాయాలు తీసుకుని 2021 ప్రణాళికను తయారుచేశారు. లోపాలున్నా, సర్వే నంబర్ల పటాన్ని గ్రామసభ ముందు పరచి అడిగిన కసరత్తు దేశంలో అరుదు.

ఆ పటానికి తూట్లు పొడిచే పని చట్టసభలోనే జరిగింది. ఒక్కో యజమాని విడిగా దరఖాస్తు పెట్టుకుని జోన్ మార్పించుకునేలా 2018లో పట్టణ ప్రణాళికా చట్టంలో 16బి సెక్షన్ తెచ్చారు. 2023లో పొరపాట్లు సరిదిద్దే పేరుతో 17(2) వచ్చింది. లక్షల చదరపు మీటర్ల పొలం, తోట, అడవిలాంటి నేల ఈ ‘పొరపాటు’ కిందికి చేరింది. 2025 మార్చిలో హైకోర్టు గోవా ధర్మాసనం ఆ సెక్షన్ కింది నిబంధనలను కొట్టేసింది. అప్పటికే 39ఏ అనే మరో సెక్షన్ సిద్ధంగా ఉంది. ఒక తలుపు మూస్తే పక్కనే కిటికీ తెరిచే ఈ నేర్పు అన్ని పార్టీల మంత్రులకూ ఉంది, ఒక్కరినే అనలేం. అదే ఏడాది కోమునిదాద్ భూముల్లో లేచిన ఇళ్లను క్రమబద్ధం చేసే సవరణ కూడా వచ్చింది. ఎల్ఆర్ఎస్ ఎరిగిన తెలుగు పాఠకుడికి దాని గురించి విడమరచి చెప్పనక్కర్లేదు.

2025 డిసెంబరు 6 అర్ధరాత్రి అర్పోరాలో ఒక నైట్‌క్లబ్‌లో మంటలు లేచి 25 మంది చనిపోయారు. ఎక్కువ మంది వంటింట్లో, కింది గదుల్లో పనిచేస్తున్న వలస సిబ్బంది. ఆ కట్టడం ఉప్పుమడుల నడుమ లేచింది. దారి ఇరుకై అగ్నిమాపక శకటాలు దూరంగానే ఆగిపోయాయి. కూల్చివేత నోటీసు తామిచ్చామని, పై కార్యాలయం దాన్ని నిలిపేసిందని సర్పంచి చెప్పుకొచ్చారు. పంచాయతీ, పంచాయతీ డైరెక్టరేట్, తీర నియంత్రణ విభాగం, పట్టణ ప్రణాళికా శాఖ అన్నీ అరగంట దూరంలోనే ఉన్నాయి. దూరం తక్కువైనందువల్ల తనిఖీ ఎక్కువ కాలేదు. పరిచయాలు ఎక్కువయ్యాయంతే.

రాష్ట్రం బయటి శక్తులతో పోరాడాల్సి వచ్చినప్పుడు మాత్రం గోవా జనం ఒక్కతాటి మీదికి వస్తారు. గోవాలో మాండవిగా పారే మహాదాయి నది పుట్టేది కర్ణాటకలో. 2018 ఆగస్టులో ట్రైబ్యునల్ కర్ణాటకకు 13.42 టీఎంసీలు, గోవాకు 24, మహారాష్ట్రకు 1.33 టీఎంసీలు కేటాయించింది. కర్ణాటక వాటాలో 3.9 టీఎంసీలను మలప్రభ వైపు మళ్లించవచ్చంది. కృష్ణా కేటాయింపుల్లో వందల టీఎంసీల మాట వినే మనకు ఇది చిన్న అంకె. కానీ వేసవిలో మాండవిలో మంచినీటి ప్రవాహం తగ్గితే ఉప్పునీరు ఎంత ఎగువకు వస్తుందన్నది ఖాజన్ రైతుకు, నీటిశుద్ధి కేంద్రానికి బతుకు ప్రశ్న. మొల్లెం అడవిగుండా రెండో రైలు మార్గం వేయడానికి ఇచ్చిన వన్యప్రాణి అనుమతిని 2022 మేలో సుప్రీంకోర్టు రద్దు చేయడం వెనకా విద్యార్థులు, శాస్త్రవేత్తలు, ఊరివాళ్లు కలిసి నడిపిన ఉద్యమం ఉంది. లోపలి శత్రువు విషయంలో ఈ ఐక్యత కనిపించదు. పొలం అమ్మేవాడు, కొనిపెట్టేవాడు, అనుమతి ఇప్పించేవాడు చాలాసార్లు ఒకే ఊరివాళ్లు, ఒకే పార్టీవాళ్లు.

15వ ఆర్థిక సంఘం చేసిన కేంద్ర పన్నుల పంపకంలో గోవాకు దక్కిన వాటా 0.386 శాతం. ఢిల్లీ దయతో బతికే రాష్ట్రం కాదిది. జీఎస్టీ, ఎక్సైజు, కాసినో రుసుములు, భూముల లావాదేవీల రాబడి మీద నిలబడాలి. భూమి చేతులు మారిన ప్రతిసారీ స్టాంపు డ్యూటీ, జోన్ మారిన ప్రతిసారీ రుసుము ఖజానాకు చేరుతున్నంత కాలం ఏ ఆర్థిక మంత్రీ ఆ కుళాయిని కట్టేయడానికి ఇష్టపడడు. గనుల కోసం సుప్రీంకోర్టు పెట్టించిన శాశ్వత నిధి సూత్రాన్ని భూమి మార్పిడి రుసుములకూ వర్తింపజేసి, ఆ సొమ్మును ఖాజన్ గట్లకు, పంచాయతీల నీటి పథకాలకు కేటాయిస్తే కొంత మేలు జరుగుతుంది. అంతకంటే ముందు కావలసింది కొత్త ప్రాంతీయ ప్రణాళిక. 2021 నాటికని గీసిన పటం గడువు దాటి ఏళ్లు గడిచాయి. 2031కో 2041కో కొత్త పటం గీయించి గ్రామసభల ముందు పరిచేదాకా 39ఏ దరఖాస్తుల స్వీకరణను ఆపమని అడగడానికి అసెంబ్లీలో 21 మంది అక్కర్లేదు. ప్రతిపక్షంలో మిగిలిన కొద్దిమందీ పార్టీ మారకుండా ఉంటే చాలు.